కాలయంత్రం ఎవరి ముంగిట దిగుతుంది?

గతంలోకి ప్రయాణం కట్టే కథలను మన విమర్శ ఇంతవరకు పెద్దగా పట్టించుకోలేదు. అవి పిల్లల కాలక్షేపమనీ, వాటిలో చర్చించదగ్గ వస్తువు లేదనీ ఒక అభిప్రాయం మనలో పాతుకుపోయింది. చారిత్రక నవల వస్తే చర్చిస్తాం. సాంఘిక నాటకం వస్తే చర్చిస్తాం. చరిత్రను, అద్భుతాన్ని, హాస్యాన్ని, అపరాధ పరిశోధనను కలగలిపిన కథ వస్తే మాత్రం పక్కన పెడతాం. కాని ఈనాడు చరిత్రను పుస్తకాల్లో చదివేవాళ్ళకంటే తెరమీద చూసేవాళ్ళు ఎన్నో రెట్లు ఎక్కువ. చరిత్ర అంటే ఏమిటి, అందులో ఎవరు ముఖ్యులు, ఎవరు లెక్కలోకి రానివాళ్ళు అనే భావం వారి మనసుల్లో ఏర్పడుతున్నది చాలావరకు ఇలాంటి కథలవల్లనే. గనుక ఈ ప్రక్రియను వెక్కిరించి ఊరుకుంటే సరిపోదు. అది ఎట్లా పనిచేస్తుందో విప్పి చూడాలి.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కాలయానం కథలో అసలు ప్రశ్న యంత్రం ఎట్లా నడుస్తుందన్నది కాదు. అది ఎవరి ముంగిట దిగుతుందన్నది, అందులోంచి దిగినవాడు అక్కడ ఎవరిని చూసి నవ్వుతాడన్నది.

1

ఈ రకం కథ ఇవాళ అన్నిటికన్నా విస్తారంగా పండుతున్న నేల చైనా. మా తిరుమలగిరిలో డిగ్రీ చదివే పిల్లలు కూడా ఫోన్లలో చైనా సీరియళ్ళు చూస్తున్నారు. అక్కడ ఈ ప్రక్రియను ‘చువాన్ యుయే’ అంటారు. చీల్చుకొని అవతలికి దాటడమని స్థూలంగా అర్థం చెప్పుకోవచ్చు. ఈ కాలపు మనిషి ఏదో ప్రమాదం వల్లనో, యంత్రం వల్లనో, మరణం వల్లనో ఒక పాత రాజవంశపు కాలంలో కళ్ళు తెరుస్తాడు. అక్కడి నుంచి కథ మొదలు.

హువాంగ్ యీ నవల ఆధారంగా హాంకాంగ్ లోని టీవీబీ సంస్థ 2001లో ‘ఎ స్టెప్ ఇంటు ది పాస్ట్’ అనే సీరియల్ తీసింది. అందులో ఒక పోలీసు అధికారిని చైనా తొలి చక్రవర్తి పట్టాభిషేకం చూసి రమ్మని రెండువేల యేళ్ళ వెనక్కు పంపుతారు. తీరా వెళితే, చక్రవర్తి కావలసినవాడు అక్కడ లేడు. చివరకు ఆ పోలీసు శిష్యుడే ఆ పేరుతో సింహాసనం ఎక్కుతాడు. కథ వినోదం కోసమే అల్లిందైనా, రాజ్యాధికారం రక్తంలో వస్తుందన్న పాత మాటను అది ఎంత సులువుగా కూల్చిందో చూడండి. ఒక పేరు, ఒక వేషం, వెనక కొంత బలగం ఉంటే ఎవడైనా చక్రవర్తే.

2011లో వచ్చిన ‘బూ బూ చింగ్ సిన్’ తోంగ్ హువా నవలకు తెర రూపం. దానిలో షెన్‌జెన్ నగరపు ఉద్యోగిని ఒకామె మంచూ చక్రవర్తి కాంగ్‌షీ కాలంలో ఒక సేనాని కూతురి శరీరంలో మేలుకుంటుంది. రాచనగరులో తేనీరు అందించే పనిలో కుదురుతుంది. రాకుమారుల్లో ఎవడు గద్దెనెక్కుతాడో, ఎవడు చెరసాలకు పోతాడో ఆమెకు ముందే తెలుసు. తెలిసీ ఒక్కటీ తప్పించలేదు. ఇక్కడ హాస్యం త్వరలోనే విషాదంగా మారుతుంది.

2011 మార్చి నెలాఖరులో చైనా ప్రభుత్వ ప్రసార నియంత్రణ శాఖ ఇలాంటి సీరియళ్ళను నిరుత్సాహపరుస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. ఇవి చరిత్రను తేలిక చేస్తున్నాయనీ, ఇష్టం వచ్చినట్టు పురాణాలు కల్పిస్తున్నాయనీ, భూస్వామ్య భావాలను, మూఢ విశ్వాసాన్ని, కర్మవాదాన్ని పెంచుతున్నాయనీ ఆ శాఖ ఆక్షేపణ. ఈ ఆక్షేపణలో సగం నిజం ఉంది. ఉద్యోగంలో విసిగిన అమ్మాయి పట్టుబట్టల్లో, రాకుమారుల ప్రేమల్లో సేదదీరే కథలు వరదలా వచ్చిన మాట వాస్తవం. కాని సాహిత్యంలోని బలహీనతకు మందు మంచి విమర్శ. అధికారుల కత్తెర కాదు. పైగా, గతాన్ని ఎవడైనా వెళ్ళి తిరగదోడవచ్చు అనే ఊహ ఏ ప్రభుత్వానికైనా కొంచెం అసౌకర్యంగానే ఉంటుంది.

కత్తెర పడ్డ తరువాత రచయితలు చుట్టుతోవ పట్టారు. మావో నీ నవల ఆధారంగా 2019లో వచ్చిన ‘చింగ్ యు న్యెన్’ సీరియల్ దీనికి మంచి ఉదాహరణ. ఇంగ్లీషులో దాన్ని ‘జాయ్ ఆఫ్ లైఫ్’ అంటారు. ఒక సాహిత్య విద్యార్థి తన ఆచార్యుణ్ణి ఒప్పించడానికి రాసిన కథగా దాన్ని మొదలుపెట్టారు. అంటే కాలయానం నిజంగా జరగలేదు, ఒక విద్యార్థి ఊహించాడంతే! కథలో నాయకుడు ఆధునిక జ్ఞాపకాలతో ఒక పాత రాజ్యంలో పుడతాడు. ఒక విందులో, ఆ లోకమెరుగని తాంగ్, సుంగ్ కాలపు పద్యాలను తాగిన మైకంలో వరసగా ఒప్పజెప్పి మహాకవి అనిపించుకుంటాడు. ఇది హాస్యం. తన తల్లిని చంపిందెవరు అన్నది అతను ఛేదించవలసిన చిక్కు. ఆ తల్లి కూడా మన కాలంనుంచి వెళ్ళినదే. ఆమె ఒక నిఘా కార్యాలయం ముందు రాతిపలక నిలబెట్టించింది. పుట్టుకను బట్టి ఎక్కువతక్కువలు లేని లోకం రావాలని ఆ రాతిమీద రాత. ఆ సంస్థ మాత్రం రాజుగారి చేతిలో పనిముట్టుగా మిగిలింది. నాకు ఆ సీరియల్ మొత్తంలో నిలిచిపోయిన దృశ్యం ఇదే. ఒక ఆదర్శం రాయిగా మిగలడం, దాన్ని నిలిపిన మనిషి హత్యకు గురికావడం, ఆ హత్య ఒక అపరాధ పరిశోధన కావడం. వినోదపు కథలోకి ఇంత బరువైన వస్తువు ఇట్లా కూడా రావచ్చు.

2

ఈ ప్రక్రియ బిగువు మూడు పోగుల్లో ఉంది. మొదటిది దూకుడు, అంటే ఒక కాలం నుంచి మరో కాలానికి గెంతడం. దీనివల్ల గతంలోకి మన తరఫు సాక్షి ఒకడు వెళతాడు. రెండవది హాస్యం. ఒక కాలంలో సహజమనుకున్నది మరొక కాలంలో వింత అవుతుంది. ‘ఇదేమిటి, ఇట్లా ఎందుకు?’ అని కొత్తగా వచ్చినవాడు అమాయకంగా అడిగితే, అంతవరకు ప్రకృతి ధర్మంలా చలామణి అయిన ఆచారం మనుషులు పెట్టిందేనని బయటపడుతుంది. మూడవది చిక్కు: దొంగతనమో, హత్యో, కుట్రో. చిక్కు ఉన్నచోట ‘ఎవరు చేశారు? ఎవరికి లాభం?’ అనే ప్రశ్న తప్పదు. చరిత్రను భౌతిక దృష్టితో చదివేవాడు అడిగే ప్రశ్న కూడా ఇదే గదా!

ఈ మూడూ మనకు పైనుంచి దిగుమతి అయినవి కావు. తోలుబొమ్మలాట చూసినవాళ్ళకు కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు తెలుసు. రామరావణ యుద్ధం జరుగుతుండగా వాళ్ళు తెరమీదికి దూకి ఊళ్ళో ధరల గురించి, మునసబు లంచాల గురించి మాట్లాడి పోతారు. త్రేతాయుగంలోకి నిన్నటి సంత దూరివస్తుంది. దానికి ఏ యంత్రమూ అక్కరలేదు. ఒక దీపం, ఒక తోలుబొమ్మ చాలు. బుర్రకథలో ఈ పని మరింత పద్ధతిగా సాగుతుంది. కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. కథకుడు పాత యుద్ధం చెపుతుంటే హాస్యపు వంత నవ్విస్తాడు. రాజకీయపు వంత అడ్డుతగిలి, ఆనాటి సంగతిని ఈనాటి సర్కారుకు ముడిపెడతాడు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను ఎందుకు ఎన్నుకున్నదో దీనివల్ల తెలుస్తుంది. గతాన్ని, వర్తమానాన్ని ఒకే అరుగుమీద నిలబెట్టి నవ్వుతూ ప్రశ్నించే శిల్పం జనం దగ్గర అప్పటికే తయారుగా ఉంది.

వచన సాహిత్యంలోనూ ఈ దారి కొత్త కాదు. స్విఫ్టు రాసిన గలివరు కథ ప్రేరణతో కందుకూరి వీరేశలింగం 1890లలో ‘సత్యరాజా పూర్వదేశయాత్రలు’ రాశాడు. అందులో యాత్ర కాలంలో కాదు, దేశంలో. ఆడవాళ్ళు పెత్తనం చేసే ఆడుమళయాళానికి సత్యరాజాచార్యులు వెళతాడు. మగవాళ్ళు ఆడవాళ్ళకు విధించే ఆంక్షలన్నీ అక్కడ మగవాళ్ళమీద పడి, నవ్వుతూ నవ్వుతూనే పాఠకుడికి చురుక్కుమంటుంది. 2020లో చైనాలో వచ్చిన ఒక సీరియల్‌లో తాను రాసిన స్క్రిప్టులోకి తానే పడిపోయిన రచయిత్రి సరిగ్గా ఇలాంటి ఆడ పెత్తనపు నగరంలోనే తేలుతుంది. ఒకరి సంగతి ఒకరికి తెలిసి జరిగింది కాదిది. తలకిందులు చేసి చూపితే తప్ప తలలకెక్కని నిజాలు ఏ దేశంలోనైనా ఉంటాయి.

3

ఇక మన సినిమాకు వద్దాం. 1977 అక్టోబరులో, అంటే అత్యవసర పరిస్థితి ఎత్తివేసిన కొద్ది నెలలకు, తాతినేని రామారావు దర్శకత్వంలో ‘యమగోల’ వచ్చింది. రచన డి.వి. నరసరాజుది. భూలోకపు మనిషి యమలోకం వెళ్ళి అక్కడి కింకరులను కూడగట్టి సమ్మె చేయిస్తాడు. అందులో కాలయానం లేదు, లోకయానం ఉంది. కాని సూత్రం ఒకటే. యముడి కొలువు కూడా ఒక కచేరీయే, అక్కడా పై అధికారి, కింది నౌకరు ఉన్నారు, కింది నౌకరుకు నోరున్నది అనే ఎరుకే ప్రేక్షకుణ్ణి నవ్వించింది. జనం ఊరికే నవ్వలేదు. తమ ఆఫీసునూ తమ పై అధికారినీ అందులో పోల్చుకొని నవ్వారు.

అసలైన కాలయంత్రం తెలుగు తెరమీద దిగింది 1991 జూలై 18న. అది సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో వచ్చిన ‘ఆదిత్య 369’. మాటలు జంధ్యాలవి, సంగీతం ఇళయరాజాది. ప్రొఫెసర్ రాందాసు తయారుచేసిన యంత్రంలో నాయకుడు కృష్ణకుమార్, నాయిక హేమ, వారితోపాటు ఒక పోలీసు కానిస్టేబులు 1526వ సంవత్సరపు విజయనగరంలో దిగుతారు. నాయకుడు, శ్రీకృష్ణదేవరాయలు రెండు పాత్రలనూ నందమూరి బాలకృష్ణే పోషించాడు. చంద్రమోహన్ తెనాలి రామకృష్ణుడు. తరువాత యంత్రం వాళ్ళను 2504కు తీసుకుపోతుంది. వీటన్నిటికీ సూత్రం రాయలనాటి వజ్రం. దాన్ని సాలార్‌జంగ్ మ్యూజియం నుంచి దొంగిలించిన పురావస్తు వ్యామోహి రాజావర్మ దుష్టపాత్ర, అమ్రీష్ పురి ధరించాడు. చరిత్ర, అద్భుతం, హాస్యం, చిక్కు, నాలుగూ ఇంత సమతూకంగా కుదిరిన తెలుగు చిత్రం మరొకటి లేదని నా అభిప్రాయం. 2025లో మళ్ళీ విడుదలైనప్పుడు కూడా జనం ఆదరించారు.

మంచి కృతిని మెచ్చుకోవడంతో విమర్శకుడి పని ముగియదు. దానిలోని మౌనాలను కూడా వినాలి. ఆదిత్య 369లో యంత్రం ఎక్కడ దిగింది? రాయల వాకిట్లో. సాధారణ ఉద్యోగి అయిన కానిస్టేబులు కూడా వెంట వెళ్ళాడు. వెళ్ళినవాడు రాచకొలువు వైభవం చూసి బిత్తరపోతాడు, మనం నవ్వుతాం. గమనించండి, మనం నవ్వుతున్నది కొలువును చూసి కాదు, కానిస్టేబును చూసి. బుర్రకథలో రాజకీయపు వంత రాజును చూసి నవ్వించేవాడు. ఇక్కడ నవ్వు దిశ మారిపోయింది. పైగా నాయకుడికీ రాయలకూ ముఖం ఒక్కటే. ఈ కాలపు యువకుడు గతంలోకి వెళ్ళి చూసుకున్నది తన ముఖాన్నే, అదీ కిరీటంతో.

వజ్రం సంగతి చూద్దాం. చిత్రంలో చిక్కు ఏమిటంటే, మ్యూజియంలోని వజ్రాన్ని ఎవరు దొంగిలించారు? జవాబు దొరుకుతుంది, దొంగ శిక్ష పడతాడు. కాని దీని వెనక మరో చిక్కు ఉంది. దాన్ని ఎవరూ విప్పలేదు. రాజు దగ్గరికి వజ్రం ఎట్లా వచ్చింది? 17వ శతాబ్దంలో కృష్ణాతీరపు కొల్లూరు గనిని చూసిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, అక్కడ మగవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు కలిసి అరవైవేల మంది దాకా పనిచేస్తున్నారని రాశాడు. రాయల కాలం తరువాతి మాటే అయినా, వజ్రం ఎవరి చేతులమీదుగా పైకి వచ్చేదో తెలుసుకోవడానికి ఇది చాలు. ఇవాళ ఆ కొల్లూరు ప్రాంతం పులిచింతల జలాశయం నీళ్ళకింద ఉంది. మా పాత నల్లగొండ జిల్లా అంచునే ఆ నీళ్ళు నిలిచాయి. అరవైవేల మంది పిడికిళ్ళ గుర్తులు నీళ్ళకింద, వజ్రాల మెరుపు మాత్రం తెరమీద! యంత్రం ఒక్కసారి గని ఒడ్డున దిగి ఉంటే, దొంగ ఎవరన్న ప్రశ్నకు జవాబు మరోలా ఉండేది.

ఈ చిత్రానికి స్ఫూర్తి ఇచ్చిన హెచ్.జి. వెల్స్ ‘ది టైమ్ మెషిన్’ (1895) ఈ ప్రశ్ననుంచి తప్పించుకోలేదు. వెల్స్ భవిష్యత్తులో మానవజాతి రెండుగా చీలిపోయింది. నేలమీద పనీపాటా లేని సుకుమారులు, నేలకింద యంత్రాలు నడిపే చీకటి మనుషులు. యజమానులు, కార్మికులు అనే విభజన వేల తరాలు సాగితే ఏమవుతుందో అతను చూపాడు. ఆదిత్య 369లోని 2504లోనూ మనుషులు నేలకిందే ఉంటారు; కాని అక్కడ కారణం యుద్ధం వదిలిన అణుధార్మికత. అణుయుద్ధ భయం నిజమైన భయమే. అయితే వెల్స్ నేలకింద దాచిన వర్గ సంబంధం మాత్రం మన యంత్రం ఎక్కలేదు.

వెల్స్ కంటే ఆరేళ్ళ ముందే అమెరికా రచయిత మార్క్ ట్వేన్ ‘ఎ కనెక్టికట్ యాంకీ ఇన్ కింగ్ ఆర్థర్స్ కోర్ట్’ రాశాడు. ఆయుధాల ఫ్యాక్టరీలో మేస్త్రీగా ఉన్నవాడు ఆర్థర్ రాజు కాలంలోకి పోయి పడతాడు. కొలువునూ ప్రభువులనూ మతాధికారులనూ ఎగతాళి చేస్తాడు. రాజుకు మారువేషం వేయించి రైతుల మధ్య తిప్పి, రాజునే బానిసగా అమ్ముడుపోయేట్టు చేస్తాడు. నవ్వు దిశ ఇక్కడ సరిగ్గా ఉంది. అయినా కథ చివర ఆ మేస్త్రీ కరెంటు కంచెతో, తుపాకులతో వేలమందిని చంపుతాడు. జనాన్ని కూడగట్టకుండా యంత్రాలను మాత్రమే నమ్ముకున్న సంస్కర్త చివరికి ఏమవుతాడో ట్వేన్ అంత నవ్వులోనూ చెప్పకుండా వదలలేదు.

2022లో వచ్చిన ‘బింబిసార’ దారి తిప్పింది. ఇందులో మనం గతంలోకి పోము. గతమే మన దగ్గరికి వస్తుంది. క్రూరుడైన త్రిగర్తల రాజు మాయాదర్పణం ద్వారా ఈ కాలంలో పడతాడు. తన వంశపువాళ్ళ మధ్య బతికి మనసు మార్చుకుంటాడు. కిరీటం లేని బజారులో రాజు పడే తికమక వల్ల హాస్యం పండింది. ఇది మెచ్చదగిందే. కాని కథ పరిష్కారం రాజు పశ్చాత్తాపంలో ఉంది. అతని చేతుల్లో నలిగినవాళ్ళకు కథలో దక్కిన పని అతని మనసు మార్చడమే. దొర మంచివాడైతే చాలు, వ్యవస్థ అట్లాగే ఉన్నా ఫరవాలేదన్న పాత ఓదార్పు కొత్త బట్టలు కట్టుకొని వచ్చింది.

4

ఇదంతా చెపుతుండగా మా ఊళ్ళో ఒక విద్యార్థిని నన్నొక మాట అడిగింది: “యంత్రం దిగటానికి మన తిరుమలగిరిల ఏమున్నది సార్? హంపి ఉన్నదా, గోలకొండ ఉన్నదా?” ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. చరిత్ర ఎక్కడో జరుగుతుందనీ, తన ఊరు చరిత్ర జరగని చోటనీ ఆ పిల్ల నమ్మింది. ఆ నమ్మకాన్ని ఆమెకు ఇచ్చినవి రాచకొలువుల కథలే. ఆమెకు నేను చెప్పిన జవాబును ఇక్కడ కొంచెం విస్తరించి రాస్తాను.

మాకు దాపులోనే ఫణిగిరి ఉంది. 2016లో జిల్లాలు, మండలాలు విడిపోకముందు అది తిరుమలగిరి మండలంలోనిదే. ఇప్పుడు సూర్యాపేట జిల్లా నాగారం మండలంలో ఉంది. పాముపడగలాంటి గుట్టమీద రెండువేల యేళ్ళనాటి బౌద్ధారామం. నిజాం కాలంలో 1940లలో తొలి తవ్వకాలు జరిగాయి. 2001 తరువాత మళ్ళీ తవ్వారు. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరపు శాసనం అక్కడ దొరికింది. ధర్మచక్రాన్ని నిలబెట్టింది రాజు కాదు, ఒక ప్రధాన వైద్యుడు. 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో జరిగిన తొలి బౌద్ధకళా ప్రదర్శనకు ఫణిగిరి శిల్పాలు వెళ్ళాయి. 2024లో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయిని గుర్తు. బంగారం కాదు, సీసం! అంటే సంతలో చేతులు మారిన చిల్లర. ఇన్ని నాణేలను కుండలో పోసి పాతిపెట్టిందెవరు? ఎందుకు తిరిగి రాలేదు? అపరాధ పరిశోధనకు ఇంతకంటే మంచి ఆరంభం ఏం కావాలి? రాయల వజ్రం కంటే ఈ సీసపు చిల్లర మనకు ఎక్కువ మందిని చూపుతుంది.

రెండవ మజిలీ దగ్గరిదే: 1946. అప్పుడు జనగామ తాలూకా కూడా నల్లగొండ జిల్లాలోనే ఉండేది. ఆ తాలూకా కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ గూండాల కాల్పుల్లో జులై 4న దొడ్డి కొమరయ్య అమరుడయ్యాడు. ఇక్కడి రాచకొలువు పేరు గడి. తెనాలి రామకృష్ణుడికి బదులు పట్వారీ ఉంటాడు. మన విద్యార్థిని ఆ కాలంలో దిగిందనుకుందాం. కాళ్ళకు బూట్లు ఉంటాయి. గడి ముందు చెప్పులు తొడుక్కొని నడిచే హక్కు తన ముత్తాతకు లేదన్న సంగతి ఆమెకు తెలియదు. ఆ బూట్లే కథ! చూసేవాడికి మొదట నవ్వు వస్తుంది. మరుక్షణం గొంతులో పడుతుంది. ‘బాంచెన్, కాల్మొక్త’ అనే మాటను ఆమె పలకలేక తడబడితే, ఆ తడబాటు ఒక్కటే పది పేజీల ఉపన్యాసం చేసే పని చేస్తుంది. ఇక చిక్కు: ముత్తాత దున్నిన చెలక పట్వారీ కాగితాల్లో దొర పేరుకు ఎట్లా మారింది? ఎవరు రాశారు, ఎవరు వేలిముద్ర వేయించారు, ఆ వేలు ఎవరిది? వజ్రపు దొంగను పట్టుకోవడం తేలిక. భూమి దొంగతనం చట్టబద్ధమైన కాగితంలో దాగి ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికే పెద్ద పరిశోధన కావాలి.

ఇక్కడ ఒక చారిత్రక సంగతి కూడా రచయితలు గుర్తుంచుకోవాలి. తెలంగాణ సాయుధ పోరాట విరమణ 1951 అక్టోబరులో జరిగింది. సాలార్‌జంగ్ మ్యూజియం తలుపులు 1951 డిసెంబరులో తెరుచుకున్నాయి. ఒకదానికొకటి కారణం కాదు. కాని రెండు నెలల తేడాతో ఒక చరిత్ర అడవుల్లోంచి వెనక్కి వచ్చింది. మరొక చరిత్ర అద్దాల బీరువాల్లోకి చేరింది. అద్దాల బీరువాలోని చరిత్రకు తెరమీద యంత్రం దొరికింది. రెండవదానికి వట్టికోట ఆళ్వారుస్వామి, దాశరథి రంగాచార్య వంటివారి నవలలు దొరికాయి. వాస్తవిక శిల్పంలో అవి చేయవలసిన పని చేశాయి. కాని ఈనాటి పదహారేళ్ళ పాఠకుడు నవ్వుతూ ఆ కాలంలోకి దూకగల తలుపు మాత్రం మనం ఇంకా తెరవలేదు.

5

ఈ ప్రక్రియను చేపట్టే యువ రచయితలకు నావి మూడు సూచనలు.

ఒకటి: యాత్రికుడు రక్షకుడు కాకూడదు. జరగబోయేది తెలిసిన నేటి మనిషి వెళ్ళి అప్పటి జనానికి నాయకత్వం వహిస్తే, కొమరయ్యలూ పాలకుర్తి ఐలమ్మలూ చేసిన పనిని మనం దొంగిలించినట్టే. అతను సాక్షిగా ఉండాలి, నేర్చుకునేవాడుగా ఉండాలి. తెలిసీ ఏమీ ఆపలేని నిస్సహాయత, ఆ చైనా తేనీటి పరిచారిక కథలోలాగ, కథకు బరువునిస్తుంది.

రెండు: నవ్వు దిశను ఎప్పటికప్పుడు సరిచూసుకోవాలి. పల్లెటూరి మనిషి యాసను, బట్టలను, బిత్తరను చూసి నవ్వించడం సులువు. అధికారాన్ని, దాని ఆచారాలను, దాని గంభీరమైన అబద్ధాలను చూసి నవ్వించడం కష్టం. మన బుర్రకథ వంతలు ఈ కష్టమైన పనిని చదువు లేకుండానే చేశారు. చదువుకున్న మనం చేయలేకపోవడానికి సాకు లేదు.

మూడు: అద్భుతం వాస్తవానికి శత్రువనే భయం వదలాలి. అద్భుతం ఒక తలుపు మాత్రమే. దాన్ని దాటాక లోపల ఉండే ఊరు, పంట, కొలత, కూలి, పన్ను, కాగితం అన్నీ ఖచ్చితంగా ఉండాలి. మొదటి అబద్ధం ఒక్కటే అనుమతి: యంత్రం పనిచేసిందని. ఆ తరువాత ఒక్క అబద్ధం కూడా ఆడకూడదు. ఒక గుంట భూమికి శిస్తు ఎంతో, ఒక వెట్టిమనిషి రోజుకు ఎన్ని ఇళ్ళకు నీళ్ళు మోశాడో కనుక్కోవడానికి రచయిత ఊళ్ళో ముసలివాళ్ళ దగ్గర కూర్చోవాలి, పాత కాగితాలు తిరగెయ్యాలి. కాలయానంలో అసలు శ్రమ అక్కడే ఉంది.

చరిత్రను ఎవరు దర్శించగలరు, ఏ గుమ్మంలోంచి దర్శించగలరు అనేది కళకు సంబంధించిన చిన్న విషయం కాదు. రాచవాకిట్లో దిగినవాడికి గతమంటే తాను పోగొట్టుకున్న వైభవంలా కనిపిస్తుంది. వాడు దాన్ని తిరిగి తెచ్చుకోవాలనుకుంటాడు. గడి ముందర బూట్లతో దిగినవాడికి గతమంటే ఎవరో పోరాడి దాటిన దూరమని తెలుస్తుంది. మిగిలిన దూరం ఎంతో లెక్క వేసుకుంటాడు. మన రచయితలు నిర్మించవలసింది ఈ రెండవ యంత్రాన్ని. దానికి కావలసిన సరుకు ఫణిగిరి గుట్టమీద, పట్వారీ కాగితాల్లో, కడవెండి మట్టిలో ఎప్పటినుంచో సిద్ధంగా ఉంది.